ఇరవై నాలుగో మాట

అక్టోబరు 9, గురువారం

పదకొండు గంటలకు మా పార్టీ నాయకురాలు పదవి నుంచి దిగిపోయింది. మెట్ల మీద నిలబడి నాలుగు నిమిషాలు చదివింది. కాగితం వణకలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. పదకొండుంబావుకల్లా పార్లమెంటు టీ గదిలో కుర్చీలన్నీ నిండిపోయాయి. బాధపడడానికి వచ్చినవాళ్ళెవరూ లేరు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూసుకోవడానికి వచ్చారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆరుగురు నాయకులు పోవడం చూశాను. ప్రతిసారీ ఆ రోజు టోస్టు తొందరగా అయిపోతుంది.

క్రిస్పిన్ హాల్డేన్ నిలబడే టీ తాగాడు. కూర్చుంటే ఏదో ఒక బల్లకు చెందినవాడైపోతాడు. నలభై ఎనిమిదేళ్ళు, మంచి పలువరస, ఏ విషయం మీదా చిన్న అభిప్రాయమైనా లేకపోవడం. ఈ మూడూ ఉన్నవాణ్ణి మావాళ్ళు సహజ నాయకుడంటారు.

నిబంధనలు చదివి వినిపించారు, మాకు తెలియనట్టు. పోటీకి నిలబడాలంటే మా ఎంపీలు ముప్ఫైమంది నామినేషన్ పత్రం మీద సంతకం పెట్టాలి. ఒక్కొక్కరికి ఒక్క సంతకమే. గడువు వచ్చే గురువారం మధ్యాహ్నం పన్నెండు. ఒక్కరే నిలిస్తే ఓటింగు ఉండదు, ఆ ఒక్కరే నాయకుడు. హాల్డేన్ మనుషులు కోరుకునేది అదే. పోటీ లేకుండా, ఎవరూ ఏమీ అడగకుండా, పెళ్ళికొడుకులా నడిచివెళ్ళి కూర్చోవడం.

నాకేం పట్టదు. వచ్చే ఎన్నికలకు నేనెలాగూ నిలబడను. డెబ్బై ఏడేళ్ళు వచ్చాయి.

అక్టోబరు 10, శుక్రవారం

రైల్లో మా ఊరు హార్‌బెక్‌కు. లీడ్స్ దాకా వాన. రోమన్ సెనేట్ చివరి రోజుల గురించి చదివాను. అక్కడ కనీసం కత్తులు బయటికి తీసేవాళ్ళు.

నియోజకవర్గం ఆఫీసులో డోరీన్ బ్రాక్ హీటరు ముందు చెప్పులు ఆరబెట్టుకుంటోంది. పాతికేళ్ళుగా నా ఎన్నికల ఏజెంటు. అప్పట్నించి నా ఎన్నికలన్నీ ఆమె గెలిచింది, నేను ఫోటోలకు నిలబడ్డాను. ఈ మాట ఆమెదే.

"పక్క నియోజకవర్గం అమ్మాయి నిలబడుతోందట, రూత్ ఆకర్లీ. విన్నావా?" అంది.

"విన్నాను."

"వరదలప్పుడు మోకాలి లోతు నీళ్ళల్లో ఇసుక బస్తాలు మోసింది. అప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"సభలో మాట్లాడుతున్నాను, ఆ వరద గురించే."

"ఆహా. నీళ్ళు భయపడి తగ్గింది అందుకేనన్నమాట." చెప్పు తిరగేసి రెండో వైపు పెట్టింది. "సంతకం పెడతావా మరి?"

"ఆమె ఆరేళ్ళు ప్రయర్ దగ్గర సెక్రటరీగా పనిచేసింది."

డోరీన్ తడి చెప్పులే తొడుక్కుంది. ప్రయర్ పేరు వచ్చాక నాతో వాదించడం ఆమె మానేసి చాలాకాలమైంది.

అక్టోబరు 11, శనివారం

పొద్దుట జనం కష్టసుఖాలు విన్నాను. తొమ్మిదిమంది. పైకప్పులు, పింఛన్లు, ఒక కుక్క. మధ్యాహ్నం పని లేదు. కాబట్టి ఇది రాస్తున్నాను. లోగడ చాలాసార్లు రాశాను. మళ్ళీ రాస్తే తప్పేం లేదు.

పందొమ్మిదేళ్ళ కిందట నేను నాయకత్వానికి నిలబడ్డాను. నలుగురం. మొదటి విడతలో అందరికంటే తక్కువ వచ్చినవాడు తప్పుకోవాలి. ఎంపీల రహస్య ఓటు. నా తరఫున లెక్కలు చూసినవాడు డెస్మండ్ ప్రయర్. ఇద్దరం ఒకే ఏడు సభకు వచ్చాం, ఒకే అద్దె ఫ్లాటులో నాలుగేళ్ళున్నాం, వాడి పెళ్ళిలో నేను ప్రసంగించాను. ఓటుకు ముందు రోజు వాడు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇరవై నాలుగు మాటలు ఖాయంరా విల్ఫ్. ఇరవై నాలుగుంటే రెండో విడతకు వెళ్ళిపోతావు. ఆ తర్వాత చూడు" అన్నాడు.

వచ్చినవి ఇరవై మూడు. బెర్నార్డ్ కోట్స్‌కు ఇరవై నాలుగు. నేను తప్పుకున్నాను. కోట్స్ రెండో విడతలో బేరమాడుకుని తన బలమంతా గెలిచేవాడికి ఇచ్చాడు, తర్వాత హోంమంత్రి అయ్యాడు. రెండు నెలల్లో ప్రయర్ ఆ గెలిచినవాడికే ఛీఫ్ విప్ అయ్యాడు. ఇప్పుడు ప్రభువుల సభలో లార్డ్ ప్రయర్. నేను పదవి లేనివాళ్ళ వెనక బెంచీలో వెనక వరుస.

ఒక్కడు. ఇరవై నలుగురిలో ఒక్కడు మాట ఇచ్చి తప్పాడు. ఎవడో అని ఆలోచించని రోజు లేదు. ప్రయర్ అని నాకు తెలుసు. మొదట్లో మాత్రం అలన్ మీక్ అనుకున్నాను. ఓటు రోజు టీ గదిలో నన్ను చూసి తల తిప్పుకున్నాడు. మూడేళ్ళ తర్వాత మీక్ పార్లమెంటు మత్స్య సంఘానికి అధ్యక్షుడిగా నిలబడ్డప్పుడు, మాట తప్పేవాడికి ఓటు వేస్తే ఏమవుతుందో నేను బల్ల బల్లకూ వెళ్ళి చెప్పాను. చేపల ఊరివాడు, వాడికి జీవితంలో కావలసిందల్లా ఆ ఒక్క సంఘమే. నాలుగు ఓట్ల తేడాతో పోయింది. ఆ మాట వాడి ఊరి దాకా పాకింది. మరుసటి ఎన్నికకు అక్కడి మా పార్టీవాళ్ళే వాడికి టిక్కెట్టు ఇవ్వలేదు. రెండేళ్ళ కిందట చనిపోయాడు. నేను అంత్యక్రియలకు వెళ్ళలేదు. ఒక్కడు మీక్ అయినా కావాలి, ప్రయర్ అయినా కావాలి. ఇద్దరూ కలిసి చేసి ఉండవచ్చు.

నేను మాత్రం ఆ రోజు ఏ మర్యాదా తప్పలేదు.

అక్టోబరు 12, ఆదివారం

వాన. ఎవరూ ఫోన్ చేయలేదు. చేస్తారనీ అనుకోలేదు.

అక్టోబరు 13, సోమవారం

ఇప్పుడు చేస్తున్నారు. హాల్డేన్‌కు తొంభై సంతకాలు దాటాయి. రూత్ ఆకర్లీకి ఇరవై ఆరు.

టోబీ స్కెరిట్ వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాడు. విప్‌లలో చిన్నవాడు, హాల్డేన్ తరఫున ఎంపీలను కూడగడుతున్నవాడు. నా ముందున్న పంది మాంసం పేస్ట్రీ వైపు చూసి, "అది ఈ వయసులో తినొచ్చా సర్?" అన్నాడు.

"తినకపోతే ఇంకెప్పుడు తింటాను?"

నవ్వాడు. వీళ్ళు నవ్వడం కూడా విప్ జారీ చేసినట్టే ఉంటుంది. తర్వాత గొంతు తగ్గించి, "హాల్డేన్ గారు పెద్దల గురించి చాలా ఆలోచిస్తున్నారు సర్. ఇంత అనుభవం వచ్చే ఎన్నికలతో ఇంటికి పోవడం దేశానికి నష్టం కదా. ప్రభువుల సభలో మీలాంటివారు ఉండాలి" అన్నాడు.

"లార్డ్ ప్రయర్ పక్కన కూర్చోనా?"

"కావాలంటే ఎదురుగా కూర్చోండి."

తెలివైనవాడే. "నా సంతకం కావాలా మీకు?" అన్నాను.

"అక్కర్లేదండీ. మాకు చాలినన్ని ఉన్నాయి. మీరు ఎక్కడా పెట్టకపోతే చాలు."

పదమూడేళ్ళ కిందట ఒకసారి నాకు ప్రభువుల సభ రావలసింది. జాబితా లోంచి నా పేరు ఎవరు తీయించారో తెలుసు. నాకేం పట్టదు. ఆ ఎర్ర అంగీ, ఆ మధ్యాహ్నపు నిద్ర. హార్‌బెక్ ప్రభువు గార్‌సైడ్. వినడానికి మరీ అంత అసహ్యంగా ఏమీ లేదు.

అక్టోబరు 14, మంగళవారం

పొద్దుట రూత్ ఆకర్లీ నా గదికి వచ్చింది. ఇరవై తొమ్మిది అయ్యాయట. మిగిలినవాళ్ళందరూ ఎటో ఒకవైపు సంతకం పెట్టేశారు, లేదా మంచం మీద ఉన్నారు, లేదా పెట్టనని ఒట్టు పెట్టుకున్నారు. మిగిలింది నేను.

"గార్‌సైడ్ గారూ, మిమ్మల్ని పొగిడి టైము వృథా చేయను" అంది. నలభై ఒక్క ఏళ్ళుంటాయి. కోటు భుజాలు తడిసి ఉన్నాయి. "నేను గెలుస్తానని కూడా చెప్పను. కానీ నేను నిలబడకపోతే హాల్డేన్‌ను ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగరు. ఉత్తరాది ఆసుపత్రుల గురించి ఆయనకేం తెలుసో మీరే చెప్పండి."

"దారి తెలుసు. హెలికాప్టరులో."

ఆమె నవ్వలేదు. "అయితే సంతకం పెట్టండి."

"కుదరదమ్మాయ్. నువ్వు ప్రయర్ మనిషివి."

"ఆయన దగ్గర పనిచేశాను. ఉత్తరాలు టైపు చేశాను. మీకు ఆయనతో ఏముందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. నాకు గురువారం పన్నెండింటి దాకానే టైముంది" అంది. తలుపు చప్పుడు చేయకుండా వేసి వెళ్ళింది.

మధ్యాహ్నం ప్రయర్ వచ్చాడు. అబద్ధాలు చెప్పి వెళ్ళాడు. దాని గురించి ఇంక రాయను.

అక్టోబరు 15, బుధవారం

రాయాలి. సభకు వెళ్ళలేదు. వంటింట్లో కిటికీ దగ్గర కూర్చున్నాను. ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను.

పందొమ్మిదేళ్ళలో ప్రయర్ నా గదిలోకి రావడం ఇదే మొదటిసారి. కర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "ఏరా విల్ఫ్, కుర్చీ అయినా చూపించవా? మోకాలు మార్పించుకున్నాను. మన పార్టీలాగే, బాగయిందంటారు గానీ వంగదు" అన్నాడు.

నేను కుర్చీ చూపించలేదు. వాడే కూర్చున్నాడు.

"రూత్‌కు పొద్దునే చెప్పేశాను" అన్నాను.

"చెప్పావట. నా మనిషట. వందమంది ముందు నన్ను తిట్టావు, పడ్డాను. నీ భార్య పోయినప్పుడు ఉత్తరం రాస్తే విప్పకుండా తిప్పి పంపావు, ఊరుకున్నాను. ఆ పిల్లేం చేసిందిరా? అసలు నేనేం చేశాను? ఈ ఒక్కసారి చెప్పు, వినేసి పోతాను."

"ఇరవై నలుగురన్నావు. ఇరవై మూడొచ్చాయి. ఆ తప్పినవాడు నువ్వు కాకపోతే ఎవడు?"

"నేను నీకే వేశాను."

"అందరూ నాకే వేశారు. అందుకే ఓడాను."

కర్ర పిడి మీద రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని, ప్రయర్ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. పాత జాబితా వాడికి నోటికి వచ్చు. ఊళ్ళతో సహా చెప్పాడు. చనిపోయినవాళ్ళ దగ్గర కాస్త ఆగాడు. నేను బల్ల కింద వేళ్ళు మడిచాను. అలన్ మీక్ పదిహేడోవాడు. "మీక్‌కు ఆ రోజు పంటి నొప్పి" అన్నాడు మధ్యలో. "దవడ వాచిపోయి ఎవరి మొహమూ చూడలేకపోయాడు. అయినా నీకు ఓటు వేసి వచ్చాకే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నేనే టాక్సీ ఎక్కించాను." తర్వాత ఇంకో అయిదు పేర్లు. ఆ పైన చివరిగా తన పేరు. ఆగాడు.

ఇరవై మూడు.

"ఇంకొకడు?" అన్నాను.

"ఇంకెవడు, నువ్వే."

"నేనా?"

"జాబితాలో మొదటి పేరు ఎప్పుడూ అభ్యర్థిదేరా. అక్కణ్ణించే లెక్క మొదలుపెడతాం. నిలబడ్డవాడి ఓటు వాడికి కాక ఎవడికి పోతుంది?"

నా మొహంలో ఏం కనిపించిందో తెలియదు. ప్రయర్ ముందుకు వంగాడు.

"విల్ఫ్" అన్నాడు, "నువ్వు ఎవరికి వేశావు?"

బయటికి పొమ్మన్నాను. లేవడానికి కర్రతో అవస్థపడుతుంటే చెయ్యి కూడా ఇవ్వలేదు.

బెర్నార్డ్ కోట్స్‌కు వేశాను.

రాసేశాను. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి. నా భార్యకు కూడా చెప్పలేదు. చెప్పవలసినంత విషయమని అనుకోలేదు.

హార్‌బెక్ కార్మికుల క్లబ్బుకు మా నాన్న కార్యదర్శి. ఏటా వసంతంలో ఎన్నిక. మా దగ్గర నిలబడ్డవాడు తన పేరు పక్కన తానే గీత పెట్టుకోవడమంటే బట్టలు విప్పుకుని వీధిలో తిరిగినట్టు. ఎదుటివాడికి వేయాలి, అందులోనూ తనకు గట్టి పోటీ ఇచ్చేవాడికి. ఇద్దరూ అలాగే చేస్తారు కనుక ఎవరికీ నష్టం లేదు. పందొమ్మిదో ఏట క్లబ్బు కోశాధికారిగా నిలబడ్డప్పుడు నేనూ అలాగే వేశాను, ఎదుటివాడు నాకు వేశాడు, చెరో గ్లాసు బీరు తాగాం. ఆ మర్యాదే నాతో లండన్ వచ్చింది. ఓటు గదిలో చీటీ చేతికిచ్చినప్పుడు నా పేరు చూసి మొహమాటపడ్డాను. నలుగురిలో నాకు గట్టి పోటీ కోట్స్. పెన్సిలుతో గీత పెట్టి మడిచి వేశాను. బయటికి వస్తూ గర్వపడ్డాను కూడా. వీళ్ళందరిలో పెద్దమనిషిని నేనొక్కణ్ణే అనుకున్నాను.

కోట్స్ హార్‌బెక్ వాడు కాడు. కోట్స్ తనకు తానే వేసుకున్నాడు. నేను నాకు వేసుకుని ఉంటే నాకు ఇరవై నాలుగు, వాడికి ఇరవై మూడు.

నాకు మాట ఇచ్చినవాళ్ళు ఇరవై ముగ్గురు. ఇరవై ముగ్గురూ మాట నిలబెట్టుకున్నారు. ఈ సభ చరిత్రలో అలాంటి విడ్డూరం ఇంకెప్పుడైనా జరిగిందా అని వెతికితే దొరకదు. నేను చదివిన చరిత్ర అంతటిలోనూ దొరకదు. వెనిస్ నగరంలో తమ పాలకుణ్ణి ఎన్నుకోవడానికి చీటీ మీద చీటీ తీసి, వందలమందిని వడపోసి, మళ్ళీ చీటీలు తీసేవాళ్ళు, మనుషుల మాట మీద నమ్మకం లేక. ఆ నగరంలో కూడా అభ్యర్థి తనను తానే ముంచుకుంటాడని ఎవరికీ తోచినట్టు లేదు.

నాకు తెలియలేదా? లెక్కలు నాకు రావా? ఇరవై నాలుగు అన్నప్పుడు, నాతో కలిపా నేను కాకనా అని అడగడానికి ఎంతసేపు పట్టేది? పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి అడగలేదు. అడిగితే ఏం వస్తుందో తెలిసే అడగలేదేమో. ఆ సంగతి ఇంక తవ్వను.

మీక్‌కు పంటి నొప్పి.

ఇప్పుడు నేను కుంగిపోయి మూల కూర్చుంటానని ప్రయర్ అనుకుంటే పొరపాటు. కుంగడానికి నాకు టైము లేదు. రేపు పన్నెండింటికి గడువు.

అక్టోబరు 16, గురువారం

పొద్దున్నే మీక్ భార్యకు ఉత్తరం రాసి డబ్బాలో వేశాను. మూడు వాక్యాలు. మీ ఆయన మాట తప్పలేదు. తప్పాడని ప్రచారం చేసింది నేను. నాకు రావలసిన ఓటును పోగొట్టుకున్నది కూడా నేనే. క్షమించమని రాయలేదు. అది అడగడం కూడా ఒక రకం బేరమే.

పదకొండున్నరకు రూత్ గదికి వెళ్తుంటే వరండాలో స్కెరిట్ అడ్డొచ్చాడు.

"ఎటు సర్?"

"కాళ్ళు తీసుకెళ్ళే చోటికి."

"హాల్డేన్ గారు నిన్న మీ కోసం అడిగారు. మీరు రాలేదు." కొంచెం దగ్గరికి జరిగాడు. "జాబితా దాదాపు తయారైంది సర్. అందులో పేరుండడం తేలిక. తీయడం ఇంకా తేలిక."

"నాకు తెలుసులేవయ్యా. ఒకసారి తీశారు. ఆ చెయ్యి ఎవరిదో తెలుసా? మీ హాల్డేన్‌ది. అప్పుడు నీలాగే విప్ కుర్చీలో కూర్చునేవాడు."

వాడికి తెలియదు. మొహంలో కనిపించింది. పాపం, వాడికి అన్నీ చెప్పి పంపరు.

రూత్ గదిలో ముగ్గురు కుర్రవాళ్ళు ఫోన్ల మీద ఉన్నారు. ఆమె కిటికీ దగ్గర నిలబడి శాండ్‌విచ్ పొట్లం విప్పకుండా చేతిలో పట్టుకుని ఉంది. నన్ను చూసి కుర్రవాళ్ళను ఫోన్లు దించమని సైగ చేసింది. తిట్టడానికి వచ్చాననుకుందో ఏమో.

"ఒక ప్రశ్న" అన్నాను. "రహస్య ఓటులో నీ ఓటు ఎవరికి వేస్తావు?"

"నాకే. వేరే ఎవరికి వేస్తానండీ?"

"హాల్డేన్‌కు వేయాలనిపించదా? మర్యాదకి?"

ఆమె కుర్రకారు వైపు చూసింది, నా వైపు చూసింది. "మీరు బాగానే ఉన్నారా గార్‌సైడ్ గారూ? నాకేమైనా పిచ్చా?"

"ఇటివ్వు."

సంతకం పెట్టాను. ముప్ఫయ్యో గడి. పన్నెండుకు పది నిమిషాలుంది. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "మంగళవారం కుదరదన్నారు. ఏం మారింది?" అంది.

"లెక్క మారింది" అన్నాను. "నువ్వు పరిగెత్తు, పత్రాలు తీసుకునే ఆ ముసలాడు పన్నెండింటికి తలుపు నిజంగానే వేసేస్తాడు."

పరిగెత్తింది. శాండ్‌విచ్ నా చేతిలో పెట్టి పోయింది. తిన్నాను. గుడ్డు.

ఇది పశ్చాత్తాపం కాదు. పశ్చాత్తాపపడేవాళ్ళు మెత్తబడతారు. నేను మెత్తబడలేదు.

అక్టోబరు 17, శుక్రవారం

సంతకాల జాబితా అచ్చయింది. ప్రయర్ దగ్గర పనిచేసిన మనిషికి గార్‌సైడ్ సంతకమేమిటని పత్రికలవాళ్ళు ఫోన్లు. ఎవరికీ జవాబు చెప్పలేదు.

డోరీన్ మాత్రం ఫోను పెట్టనివ్వలేదు. "ముసలాడికి మతి పోయిందని ఒకడు, ప్రయర్ కొనేశాడని ఇంకొకడు. ప్రభువుల సభ కూడా పోయిందటగా?"

"పోయింది."

"పోనీలే. ఆ ఎరుపు నీకు నప్పదు. ఇంతకీ ఎందుకు పెట్టావ్?"

చెప్పాను. మొత్తం చెప్పాను. అవతల ఆమె కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"డోరీన్?"

"పాతికేళ్ళుగా నిన్ను ఎన్నికల్లో గెలిపిస్తున్నాను" అంది. "ఒక్కసారి కూడా నువ్వు నీకే వేసుకోలేదా?"

"లేదు."

"దేవుడా" అని పెట్టేసింది.

అక్టోబరు 19, ఆదివారం

మీక్ భార్య ఫోన్ చేసింది. విన్నీ మీక్. నా నంబరు ప్రయర్ ఇచ్చాడట.

"మీ ఉత్తరం అందింది" అంది. గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది. "మా ఆయన నన్ను అడుగుతూ ఉండేవాడు, విన్నీ, నేనేం చేశాను అని. పడవల దగ్గరికి వెళ్తే అక్కడా ఎవడో ఒకడు అనేవాడు. వెళ్ళడం మానేశాడు."

నేను ఏదో అనబోయాను.

"మీరు ఇప్పుడు మాట్లాడకండి. ఉత్తరం రాశారు, మంచిదే. దాన్ని చదివింది నేనొక్కదాన్నే. ఆయన్ను అన్న మాట మాత్రం అందరూ విన్నారు." ఊపిరి తీసుకుంది. "అంతే చెబుదామని చేశాను. ఉంటాను."

రేపు ఎంపీల సమావేశం. ఇద్దరు అభ్యర్థులూ మాట్లాడతారు, ప్రశ్నలు, ఆ వెంటనే ఓటింగు.

నేను అక్కడ లేస్తే నవ్వుతారు. నాకు తెలుసు. నవ్వనీ.

అక్టోబరు 20, సోమవారం

ముందు ఫలితం. రూత్ ఓడింది. హాల్డేన్‌కు నూట నాలుగు, ఆమెకు ఎనభై అయిదు. తనకు నూట ముప్ఫై ఒక్క మాటలున్నాయని హాల్డేన్ పొద్దుట పత్రికలకు చెప్పాడు. అంటే ఇరవై ఏడుగురు వాడి మొహం మీద నవ్వుతూ అబద్ధం ఆడారు. రేపటి నుంచి వాళ్ళెవరో వెతుకుతాడు. వెతకనీ, మంచి కాలక్షేపం. పళ్ళు కనిపించేలా గెలుద్దామనుకున్నవాడు పెదవులు మూసుకుని గెలిచాడు. రూత్ ఇక వెనక బెంచీకి పోదు, ఆమెను పోనిచ్చే ధైర్యం వాడికి లేదు.

ఇప్పుడు సమావేశం.

పెద్ద కమిటీ గది. మా ఎంపీలు నూట తొంభైమందిలో ఒక్కడు జబ్బుపడ్డాడు, మిగిలినవాళ్ళందరూ ఉన్నారు. హాల్డేన్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఐకమత్యం అనే మాట పద్నాలుగుసార్లు. తర్వాత, చేతిలో కాగితం లేకుండా, "కొందరు పెద్దలు పాత పగల కోసం మన భవిష్యత్తును వాడుకుంటున్నారు" అన్నాడు. బల్లలు చరిచారు. నా వైపు తలలు తిరిగాయి. రూత్ మాట్లాడినప్పుడు బల్లలు తక్కువ మోగాయి గానీ, ఆసుపత్రుల గురించి చెబుతుంటే గుసగుసలు ఆగిపోయాయి.

ప్రశ్నలప్పుడు చెయ్యెత్తాను. అధ్యక్ష స్థానంలో ఉన్నవాడు నిట్టూర్చి పేరు పిలిచాడు.

"నాకు ప్రశ్న లేదు" అన్నాను. "ఒక సమాచారం ఉంది."

"గార్‌సైడ్ గారూ, ప్రశ్న లేకపోతే దయచేసి కూర్చోండి."

"పందొమ్మిదేళ్ళ కిందట నేను ఒక్క ఓటుతో ఓడిపోయాను. మాట ఇచ్చినవాడెవడో తప్పాడని మీలో చాలామందికి చెప్పాను. అలన్ మీక్ తప్పాడని చెప్పాను. ఆ మాట మీద ఆయనకు మత్స్య సంఘం పోయింది, టిక్కెట్టు పోయింది. మీక్ నాకే ఓటు వేశాడు. మాట ఇచ్చిన ప్రతి ఒక్కరూ నాకే వేశారు. నాకు ఓటు వేయనిది నేను. నా ఓటు నేను బెర్నార్డ్ కోట్స్‌కు వేశాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక నుంచి ఎవరో అన్నారు: "అంటే మీకు మీరే వెన్నుపోటు పొడుచుకున్నారా?"

గది పేలిపోయింది. అంత నవ్వు ఆ గదిలో నేనెన్నడూ వినలేదు. బల్లలు చరిచారు, కళ్ళు తుడుచుకున్నారు, పక్కవాళ్ళ భుజాలు పట్టుకున్నారు. స్కెరిట్ గోడకు ఆనుకుని వంగిపోయాడు. హాల్డేన్ పళ్ళన్నీ కనిపించాయి. మీక్ మీద నేను చెప్పినమాట విని ఆ రోజు ఓటు వేసినవాళ్ళు ఇంకా పదిహేనుమంది దాకా ఆ గదిలో ఉన్నారు. వాళ్ళూ నవ్వారు. వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాను.

"ఇక కూర్చోండి, గార్‌సైడ్" అన్నాడు అధ్యక్షుడు, తనూ నవ్వుతూనే.

"కూర్చోను. నా మాట అయిపోలేదు."

ముందు బెంచీ చెక్క పట్టుకుని నిలబడ్డాను. మోకాళ్ళు నొప్పి పుట్టాయి, వదల్లేదు. నవ్వు ఒకసారి తగ్గి, ఎవడో మళ్ళీ కోట్స్ పేరు ఎత్తగానే పెరిగి, మళ్ళీ తగ్గింది. నేను ఒక్కసారి కూడా తల వంచలేదు. చివరికి దగ్గులు మాత్రం మిగిలాయి. అప్పుడు మొదటి నుంచి మొత్తం మళ్ళీ చెప్పాను, వెనక వరుసల్లో సరిగా విని ఉండరని. అదే గొంతుతో, అవే మాటలు.

ఈసారి మీక్ పేరు దగ్గర ఎవరూ నవ్వలేదు.